కాంతి పాఠాన్ని చేతులతో నేర్పిన ఆరు వారాలు: నా అనుభవం

గత విద్యా సంవత్సరంలో పదో తరగతికి కాంతి పాఠం ముగించిన మర్నాడు, కుంభాకార కటకపు (మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కటకం) కిరణ చిత్రాలను, అంటే కాంతి దారులను గీతలుగా చూపే బొమ్మలను, ఒక్క తప్పు లేకుండా గీసే ఒక విద్యార్థినిని మామూలుగానే ఒక ప్రశ్న అడిగాను. తెర మీద ప్రతిబింబం స్పష్టంగా పడుతున్నప్పుడు కటకం పై సగాన్ని నల్ల కాగితంతో మూసేస్తే ఏమవుతుంది? ఆమె క్షణం కూడా తడుముకోకుండా "ప్రతిబింబంలో సగం పోతుంది టీచర్" అంది. తరగతి అంతా అవునన్నట్టు తలలూపింది. పద్నాలుగు పీరియడ్ల పాటు నల్లబల్ల మీద నేను గీసినవన్నీ వాళ్లు శ్రద్ధగా ఎక్కించుకున్నారనీ, అయినా కటకంలో నిజంగా జరుగుతున్నదేమిటో వాళ్లకు తెలియదనీ ఆ ఒక్క జవాబుతో నాకు అర్థమైంది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అందుకే ఈ ఏడాది ఈ పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా ప్రయోగాల ద్వారానే చెప్పాలని నిశ్చయించుకొని, పాఠం మొదలుకావడానికి 30 రోజుల ముందు ప్రధానోపాధ్యాయుల వారికి రాతపూర్వకంగా విన్నవించుకున్నాను. 22 పీరియడ్లు అడిగాను. జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. సిలబస్ వెనకబడుతుందేమోనన్న ఆయన ఆందోళన న్యాయమైనదే కనుక ఎదురుచూడటం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. చివరికి వారానికి మూడు చొప్పున ఆరు వారాలకు 18 పీరియడ్లు మంజూరయ్యాయి. వారానికి రెండు పీరియడ్లు వెంటవెంటనే ఉండేలా టైంటేబుల్ మార్పించుకోవడం నేను చేసిన పనుల్లో అన్నిటికంటె ఉపయోగపడింది. 40 మందిని జట్లుగా కూర్చోబెట్టి, సామాను పంచి, గది చీకటి చేసేసరికే పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. ఒంటి పీరియడులో ఆ తర్వాత మిగిలేది చాలా తక్కువ.

సామాను కోసం పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. గాజు దిమ్మలు, కటకాలు, గుండుసూదులు, డ్రాయింగు బోర్డులు ప్రయోగశాల బీరువాలోనే దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, కిటికీలోంచి కనిపించే దూరపు చెట్టు ప్రతిబింబాన్ని గోడ మీద పట్టి ప్రతి కటకపు నాభ్యంతరాన్నీ, అంటే దూరపు వస్తువు బొమ్మ కటకానికి ఎంత దూరంలో స్పష్టంగా పడుతుందో ఆ దూరాన్నీ, కొలిచాను. 15 సెంటీమీటర్లని రాసి ఉన్న కటకాల్లో రెండింటికి 20 వచ్చింది. ఈ పని ముందే చేయకపోతే రెండు జట్లు తమ లెక్కలు తప్పని నమ్మి ఒక పూటంతా బాధపడేవి. అట్టపెట్టెలు, పాత సీడీలు, పగిలిన అద్దం ముక్కలు పిల్లలే తెచ్చారు. అద్దం ముక్కల అంచులకు టేపు చుట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. డబ్బు పెట్టి కొనవలసి వచ్చినవి నల్ల కాగితం, గ్లిజరిన్, మూడు ఎర్ర లేజర్ పాయింటర్లు మాత్రమే. లేజర్ల మీద 1 మిల్లీవాట్ లోపు అని రాసి ఉన్నా ఆ రాతను పూర్తిగా నమ్మలేం కాబట్టి, వాటిని నేను తప్ప ఎవరూ చేత్తో పట్టకూడదనీ, బల్లకు బిగించిన తర్వాతే వెలిగించాలనీ నియమం పెట్టుకున్నాను.

అన్నిటికంటె ఎక్కువ శ్రమ గదిని చీకటి చేయడానికే అయింది. కిటికీలకు నల్ల కాగితం అంటించి తలుపు మూస్తే చాలనుకున్నాను. తీరా మూశాక వెంటిలేటర్లు, తలుపు కింది సందు, కిటికీ రెక్కల మధ్య చీలికలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. వాటన్నిటినీ మూయడానికి రెండు ఆదివారాలు ఖర్చయ్యాయి.

మొదటి రోజు ప్రతి విద్యార్థికీ ఒక సన్నని నోటుబుక్కు ఇచ్చి ఒకే ఒక నిబంధన చెప్పాను. ఏ ప్రయోగమైనా చేసే ముందు ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో పెన్నుతో రాయాలి. రాసింది కొట్టివేయకూడదు, ఆ రాతకు మార్కులు ఉండవు. రెండు వారాల దాకా చాలామంది మొదట ప్రయోగం చేసేసి, తర్వాత ఊహ రాసి, సరిగ్గా ఊహించామన్న తృప్తితో కూర్చున్నారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. తప్పు రాస్తే ఏమవుతుందోనన్న భయాన్ని తొమ్మిదేళ్లుగా మేమే వాళ్లకు నేర్పాం. అందుకని ఊహలు రాయడం పూర్తయ్యేదాకా సామాను నా బల్ల మీదే ఉంచడం మొదలుపెట్టాను.

ఆ రోజే సూదిబెజ్జం కెమెరాలు చేశాం. 20 సెంటీమీటర్ల పొడవున్న అట్టపెట్టెకు ఒక వైపు ట్రేసింగ్ కాగితం, మరో వైపు సూదితో బెజ్జం. కొందరు పెన్సిలుతో పొడిచి పెద్ద బెజ్జాలు చేశారు, వాళ్లకు మసక వెలుగు తప్ప మరేమీ కనిపించలేదు. కొందరు గుండుసూది మొనను అలా తాకించి ఊరుకున్నారు, వాళ్లకు అంతా చీకటే. ఆ పొడవుకు 0.6 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉన్న బెజ్జం అన్నిటికంటె స్పష్టమైన బొమ్మ ఇస్తుంది. బెజ్జం మరీ చిన్నదైతే వెలుగు తగ్గడమే కాక, వివర్తనం (సన్నని సందులోంచి వచ్చే కాంతి పక్కలకు పరచుకోవడం) వల్ల బొమ్మ మళ్లీ మసకబారుతుంది. నేను ముందుగా ఆలోచించని విషయం మరొకటి ఉంది. ఎండలోంచి వచ్చి తల మీద నల్లగుడ్డ కప్పుకున్న పిల్లల కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు కావాలి. మొదటి ఐదు నిమిషాల్లో "ఏమీ కనిపించడం లేదు టీచర్" అన్న మాట అన్ని మూలల నుంచీ వినిపించి నాకు చెమటలు పట్టాయి. ఆరో నిమిషంలో ఎవరో ఒక అబ్బాయి గట్టిగా కేక వేశాడు. తలకిందులుగా ఉన్న చెట్టు, దాని కింద తలకిందులుగా నడుస్తున్న మనుషులు. ఆ తర్వాత ఆ గుడ్డల కింద నుంచి వాళ్లను బయటికి పిలవడమే కష్టమైంది.

సూర్యుణ్ని కొలిచే ప్రయోగానికి మబ్బుల వల్ల నాలుగు రోజులు వేచి ఉన్నాం. అద్దం ముక్కకు నల్ల కాగితం అంటించి, మధ్యలో ఒక సెంటీమీటరు చతురస్రాన్ని మాత్రం తెరిచి ఉంచి, దానితో ఎండను పది మీటర్ల దూరంలోని చీకటి గోడ మీదికి మళ్లించాలి. గోడ మీద పడే వెలుగు మచ్చ ఏ ఆకారంలో ఉంటుందని అడిగితే అందరూ చతురస్రమనే రాశారు. ఒక మీటరు దూరంలో చతురస్రంగానే పడింది. దూరం పెంచుతూ పోయేకొద్దీ మూలలు కరిగి, పది మీటర్ల దగ్గర గుండ్రంగా మారింది. అది అద్దపు ఆకారం కాదనీ, సూర్యుడి ప్రతిబింబమనీ వాళ్లంతట వాళ్లు తేల్చుకోవడానికి దాదాపు అరగంట పట్టింది. మచ్చ వ్యాసం 9 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య వచ్చింది. దూరాన్ని ఆ వ్యాసంతో భాగించి, సూర్యుడి దూరం 15 కోట్ల కిలోమీటర్లని తీసుకొని లెక్కవేస్తే, సూర్యుడి వ్యాసం 14 లక్షల కిలోమీటర్లకు చాలా దగ్గరగా వచ్చింది. ఆ సాయంత్రం చెట్టు నీడలోని గుండ్రటి వెలుగు చుక్కల దగ్గర ఒక అమ్మాయి వంగి నిలబడి ఉండటం చూశాను. అవన్నీ సూర్యుళ్లేనా అని అడిగింది.

సమతల దర్పణాల పని రెండు పీరియడ్లలో తేలిగ్గానే ముగిసింది. నిలువెత్తు బొమ్మ కనిపించాలంటే మన ఎత్తులో సగం ఉన్న అద్దం చాలని సూత్రంగా తెలిసిన వాళ్లు కూడా, వెనక్కి జరిగితే ఇంకా ఎక్కువ కనిపిస్తుందనే రాశారు. అద్దం మీద తల, పాదాలు కనిపించే చోట్ల టేపు అంటించి, వెనక్కి అడుగులు వేస్తూ ఆ టేపులు ఎక్కడివక్కడే సరిపోతున్నాయని చూసుకున్నాక ఆ సంగతి స్థిరపడింది.

నన్ను ఎక్కువగా పరీక్షించినది మూడో వారంలోని వక్రీభవనం, అంటే కాంతి గాలిలోంచి గాజులోకి వెళ్లేటప్పుడు వంగడం. గాజు దిమ్మకు ఒక వైపు రెండు గుండుసూదులు గుచ్చి, రెండో వైపు నుంచి చూస్తూ వాటితో ఒకే వరుసలోకి వచ్చేలా మరో రెండు గుచ్చే పాత ప్రయోగమే ఇది. పిల్లలు సూదుల తలలను వరుసలో పెడుతుంటారు. సూదులు కాస్త వంగినా లెక్క తప్పుతుంది కనుక మొనలను, అంటే కాగితాన్ని తాకే చోట్లను, చూసి పెట్టాలని రెండో పూటకు గాని నాకు స్ఫురించలేదు. గాజు తలానికి గీసిన లంబంతో లోపలికి వచ్చే కిరణం చేసేది పతన కోణం, గాజులోపలి కిరణం చేసేది వక్రీభవన కోణం. పతన కోణం 10, 20, 30 డిగ్రీలకు వక్రీభవన కోణాలు దాదాపు 6.5, 13, 19.5 వచ్చాయి. నాలుగు జట్లు సంతోషంగా ఒకే నియమం రాశాయి: పతన కోణాన్ని ఒకటిన్నరతో భాగిస్తే వక్రీభవన కోణం వస్తుంది. అది తప్పని చెప్పడానికి నా నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పకుండా 60, 70 డిగ్రీలకు ఏం వస్తుందో ఊహించి రాయమన్నాను. 60కి 40 అని రాశారు, కొలిస్తే 35 వచ్చింది. 70కి 47 దాకా రావాలనుకున్నారు, 39 వచ్చింది. సూదులు సరిగా గుచ్చలేదని అనుకొని మూడుసార్లు మళ్లీ చేశారు.

ఆ పీరియడు జవాబు దొరకకుండానే ముగిసింది. తర్వాతి రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజులూ నా మనసు స్థిమితంగా లేదు. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన దాన్ని చెప్పకుండా పిల్లలను అయోమయంలో వదిలేసి వచ్చానేమో, పరీక్షలు దగ్గరపడుతుంటే ఇలా చేయడం బాధ్యతారాహిత్యమేమో అనిపించింది. సెలవు తర్వాత వాళ్లకు ఒకే ఒక సూచన ఇచ్చాను. కిరణం గాజును తాకే బిందువు కేంద్రంగా 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీసి, రెండు కిరణాలు ఆ వృత్తాన్ని ఖండించే చోట్ల నుంచి లంబానికి ఉన్న అడ్డుదూరాలు కొలవమన్నాను. 30 డిగ్రీలకు 2.5, 1.7 సెంటీమీటర్లు. 60 డిగ్రీలకు 4.3, 2.9. ప్రతిసారీ నిష్పత్తి ఒకటిన్నరకు దగ్గరగానే వచ్చింది. వెనక బెంచీలో ఎప్పుడూ మాట్లాడని ఒక కుర్రాడు నెమ్మదిగా లేచి, "ఇది లెక్కల క్లాసులో చెప్పిన సైను కదా టీచర్" అన్నాడు. ఆ క్షణం కోసం నేను వెచ్చించిన మూడు పీరియడ్లను ఇప్పటికీ నష్టంగా లెక్కించను. అప్పుడు వాళ్లకు చెప్పాను: చిన్న కోణాలకు మీరు రాసిన నియమాన్నే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1611లో వాడుకున్నాడు, సరైన నియమం డచ్ గణిత శాస్త్రవేత్త స్నెల్‌కు 1621లో దొరికింది, అంతకు ఆరు శతాబ్దాల ముందే పర్షియన్ గణిత శాస్త్రవేత్త ఇబ్న్ సహ్ల్ దాన్ని పట్టుకున్నాడు. తమ తప్పు కెప్లర్ లాంటి వాడు నడిచిన దారేనని విన్నప్పుడు ఆ నాలుగు జట్ల ముఖాల్లో కనిపించిన వెలుగు నాకు గుర్తుండిపోయింది.

అదే వారం గాజును మాయం చేసే ప్రయోగం విఫలమైంది. గ్లిజరిన్ పోసిన గ్లాసులో గాజు కడ్డీ ముంచితే కనిపించకుండా పోతుందని ముందే ఊరించి చెప్పాను, అది స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కారణం తెలుసుకోవడానికి ఒక రోజు పట్టింది. గ్లిజరిన్ వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) 1.47, బోరోసిలికేట్ గాజుదీ ఇంచుమించు అంతే. మామూలు గాజుకు 1.52 దాకా ఉంటుంది. రెండు గుణకాలూ సమానమైతేనే కాంతి వంగకుండా సాగి గాజు కనిపించకుండా పోతుంది. మర్నాడు రసాయన శాస్త్ర ప్రయోగశాల నుంచి, వేడి చేయడానికి వాడే బోరోసిలికేట్ పరీక్షనాళికను తెచ్చి, దాని లోపలా బయటా గ్లిజరిన్ నింపి ముంచితే అంచు మాత్రం లీలగా మిగిలి తక్కినదంతా అదృశ్యమైంది. విఫలమైన కడ్డీని కూడా పక్కనే ఉంచాను. రెండింటినీ పోల్చి చూశాకే, కనిపించడమంటే ఏమిటన్న చర్చ నిజంగా మొదలైంది.

నాలుగో వారంలో కటకాల దగ్గరికి వచ్చాం. నేను ఏడాదిగా మోస్తున్న ప్రశ్న అది. అట్టలో బాణం గుర్తు కత్తిరించి, వెనక దీపం పెట్టి, 20 సెంటీమీటర్ల నాభ్యంతరమున్న కటకాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో నిలిపితే 60 సెంటీమీటర్ల దగ్గర తెర మీద రెండింతల బాణం తలకిందులుగా పడింది. కటకం పై సగం మూస్తే ఏమవుతుందో రాయమన్నాను. 40 మందిలో 31 మంది బాణంలో సగం మాయమవుతుందని రాశారు. ఏ సగమన్న దానిపై వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. నల్ల కాగితం పెట్టినప్పుడు గదిలో చడీచప్పుడూ లేదు. బాణం మొత్తం అలాగే ఉంది, వెలుగు మాత్రం తగ్గింది. ఒకరు లేచి వచ్చి కాగితం నిజంగా అడ్డం ఉందో లేదో వేలితో తడిమి చూశారు. మరొకరు కింది సగం మూసి చూశారు. చివరికి మధ్యలో చిన్న సందు మాత్రం మిగిల్చి చూశారు, మసక వెలుగులో బాణం అప్పుడూ పూర్తిగానే ఉంది.

దీపంలోని ప్రతి బిందువు నుంచీ బయలుదేరిన కాంతి కటకమంతటా పడుతుందనీ, కటకంలోని ప్రతి ముక్కా మొత్తం బొమ్మను ఇవ్వగలదనీ వాళ్లే చెప్పారు. ఆ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా వాళ్లే చెప్పారు. పుస్తకంలోనూ బల్ల మీదా ఎప్పుడూ రెండు కిరణాలే గీస్తాం కదా, పై కిరణాన్ని ఆపేస్తే బొమ్మ పై భాగం ఆగిపోతుందని అనుకున్నాం అన్నారు. ఏళ్ల తరబడి బల్ల మీద గీసిన ఆ రెండు గీతలు నావే. 1987లో గోల్డ్‌బర్గ్, మెక్‌డెర్మాట్ అనే పరిశోధకులు కళాశాల విద్యార్థుల్లోనే ఈ అపోహను గుర్తించారన్న సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నా బోధన మార్చుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఇప్పుడు కటకం చిత్రం గీసేటప్పుడు మొదట ఒక బిందువు నుంచి కటకం నిండా కిరణాలు గీసి, వాటిలోంచి లెక్కకు అనుకూలమైన రెండింటిని రంగు సుద్దతో దిద్దుతున్నాను.

నీటిధారలో కాంతిని వంచే ప్రయోగాన్ని, 1841లో స్విస్ భౌతిక శాస్త్రవేత్త కొలాడన్ చేసి చూపినదాన్ని, సీసాతోనూ లేజరుతోనూ చేశాం. మేకుతో పొడిచిన బెజ్జపు అంచులు గరుకుగా ఉండి ధార చెదిరి, కాంతి మధ్యలోనే బయటికి చిందింది. అంచును సన్నని ఉప్పుకాగితంతో నునుపు చేశాక ధార గాజుకడ్డీలా జారింది, దాని చివర అరచేయి పెడితే చేతిలో ఎర్రటి చుక్క వెలిగింది. నేల తుడవడానికి అరగంట పడుతుందని ముందే లెక్క వేసుకోవాలి.

ఐదో వారంలో సీడీతో కాంతి తరంగదైర్ఘ్యం, అంటే ఒక అల పొడవు, కొలిచాం. సీడీ మీద పక్కపక్క గీతల మధ్య దూరం 1600 నానోమీటర్లు. లేజర్ కాంతిని దాని మీద నిటారుగా పడేలా చేసి, ఒక మీటరు దూరంలోని తెర మీద మధ్య చుక్కకు ఇరుపక్కలా వచ్చే చుక్కల దూరం కొలిస్తే 43 నుంచి 46 సెంటీమీటర్ల దాకా వచ్చింది. దాని నుంచి జట్లకు 630 మొదలు 670 నానోమీటర్ల వరకు విలువలు వచ్చాయి. పాయింటరు మీద 650 అని ఉంది. కంటికి కనిపించని దూరాన్ని స్కేలుతో కొలిచామన్న గర్వం వాళ్ల గొంతుల్లో వినిపించింది. ఒక జట్టు సీడీకి బదులు డీవీడీ పెట్టి, చుక్కలు మాయమయ్యాయని కంగారు పడింది. గీతల దూరం 740 నానోమీటర్లే కావడంతో చుక్కలు 1.8 మీటర్ల అవతలికి, తెర దాటి పక్క గోడ మీదికి వెళ్లిపోయాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పాలి. సీడీ నుంచి కాంతి ఊహించని దిక్కులకు పరావర్తనం చెందుతుంది. కూర్చున్న పిల్లల కళ్లు సరిగ్గా బల్ల ఎత్తుకే వస్తాయని అప్పుడు గమనించి, అప్పటి నుంచి లేజరు వెలిగే ప్రతిసారీ అందరినీ బల్ల వెనక నిలబెట్టాను.

ఆరో వారంలో పరీక్ష పెట్టాను. సగం మూసిన కటకం ప్రశ్నను రూపం మార్చి ఇస్తే 40 మందిలో 34 మంది సరిగ్గా రాశారు. కళ్లారా చూసినా ఆరుగురు మళ్లీ పాత జవాబే రాశారు, వాళ్లతో విడివిడిగా కూర్చోవాల్సి వచ్చింది. అయితే కిరణ చిత్రాల్లో గుర్తులు పెట్టడం, బాణాలు వేయడం గత ఏడాది కంటె బలహీనంగా ఉంది. మార్కులు అక్కడే పోతాయని ఇద్దరు తల్లిదండ్రులు వచ్చి తమ ఆందోళన చెప్పారు. వాళ్లన్నది నిజమే. బడి వదిలిన తర్వాత నాలుగు సాయంత్రాలు చిత్రాలు గీయించి ఆ లోటు పూడ్చాను. ఈ పద్ధతికి అయ్యే ఖర్చులో ఆ సాయంత్రాలను కూడా కలుపుకోవాలి.

పాఠం ముగిసిందని నోటుబుక్కులు వెనక్కి తీసుకుంటుండగా, గత ఏడాది సగం బొమ్మ పోతుందన్న అమ్మాయి చెల్లెలు, ఇప్పుడు ఇదే తరగతిలో ఉంది, ఒక ప్రశ్నతో ఆగింది. వేలిని కటకానికి ఆనిస్తే బొమ్మలో వేలి నీడ పడదు, తెరకు ఆనిస్తే నీడ స్పష్టంగా పడుతుంది, మరి ఈ రెంటి మధ్యలో ఎక్కడ మారుతుంది? నాకు సూటిగా జవాబు తెలియలేదు, ఆ మాటే ఆమెకు చెప్పాను. కిటికీలకు నల్ల కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. దీపం వెలిగించి, ఆమె వేలిని కటకం దగ్గర నుంచి తెర వైపు కొద్దికొద్దిగా జరుపుతూ పోతే, బాణం మీద మొదట ఒక మసక మచ్చ, తర్వాత అంచులేని నీడ, తెరకు జానెడు దూరంలో వేలి ఆకారం కనిపించాయి. ఆమె నోటుబుక్కు మళ్లీ తీసుకొని, ఒక్కో చోటు దూరమూ స్కేలుతో కొలిచి రాసుకోవడం మొదలుపెట్టింది.